పరస్పర బదిలీ

కరీంనగర్
జూలై 9

వదినా,

ఫోన్ చేస్తే సరిపోయేదానికి ఉత్తరమేమిటని అనుకుంటావు. ఫోన్‌లో నువ్వు "బాగనే ఉన్న సృజనా, నువ్వు తిన్నవా?" అంటావు, అంతే, ఫోన్ నవీన చేతికి ఇచ్చేస్తావు. అది వాళ్ల ఒకటో తరగతి ముచ్చట్లన్నీ చెప్పి పెట్టేస్తుంది. రెండేళ్లుగా మన మాటలు ఇంతే.

నా పరిశోధన సంగతి నీకు కొద్దిగా తెలుసు. బడుల్లో, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ల మనసు ఎట్లా ఉంటుంది, పెద్ద దెబ్బ తగిలాక అదే చోట మళ్లీ ఎట్లా నిలదొక్కుకుంటారు అన్నది నా అంశం. కొందరు కుంగిపోతారు. కొందరు అంతకు ముందుకన్నా గట్టిపడతారు, పక్కవాళ్ల బాధ తెలుసుకుంటారు, చేసే పనిలో కొత్త అర్థం వెతుక్కుంటారు. దాన్ని మేము ఎదుగుదల అంటాం. ఏది తోడుంటే మనిషి అట్లా ఎదుగుతాడో తెలిస్తే రేపు ఎన్నో బడులకు పనికొస్తుంది.

ఇన్నాళ్లూ అయిదు గడుల ప్రశ్నపత్రాలు పంచాను. అందరూ నాలుగో గడిలోనే, బాగానే ఉందన్నదాంట్లోనే టిక్కు పెడుతున్నారు. మా గైడు మమతారాణి మేడం అది చూసి నవ్వి, "ఉత్తరాలు రాయించు. మనుషులు గడుల్లో దాచుకున్నది కాగితం మీద చెప్పుకుంటరు" అన్నారు. నాకు మొదట గుర్తొచ్చింది నువ్వే. అన్న పాఠాలు చెప్పిన బడిలో, అన్న పోయిన బడిలో, ఆయన పేరు మీద వచ్చిన ఉద్యోగంలో రోజూ కూర్చుంటున్నావు. అన్న గురించి రాయనవసరం లేదు. బడి గురించి, పని గురించి రాయి చాలు. పేరు ఎక్కడా రాదు.

మెట్‌పల్లిలో అవ్వ బాగానే ఉంది. నీ అత్త సంగతి తెలుసు కదా, పసుపు విత్తనం పెట్టించింది. మోకాళ్లు నొప్పులని అంటూనే చేనుకు పోతోంది.

నీ సృజన


చెన్నూరు
జూలై 27

సృజనకు దీవెనలు.

నీ ఉత్తరం చేరింది. నా ఉత్తరాలతో నీ చదువుకు ఏం లాభమో నాకు తెలియదు కానీ, అడిగావు కాబట్టి రాస్తున్నాను.

పని బాగుంది. టీసీలు రాస్తాను, జీతాల బిల్లులు చేస్తాను, పిల్లల స్కాలర్‌షిప్పుల కాగితాలు ఆన్‌లైన్‌లో ఎక్కిస్తాను. కంప్యూటర్ మొదట్లో భయం వేసేది, ఇప్పుడు లేదు. హెడ్మాస్టర్ పర్శరాములు సార్ మంచివారు. స్టాఫ్ అందరూ గౌరవంగా చూస్తారు. నేను లోపలికి వస్తే గట్టిగా నవ్వుకుంటున్నవాళ్లు కూడా ఆగిపోతారు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పితే ఎవరో ఒకరు కూర పెడతారు.

నవీన కొత్త బడికి అలవాటు పడింది. బండి నేర్చుకున్నాను, దాన్ని దింపి నేను పోతాను. అందుకే నాకు రోజూ కాస్త ఆలస్యమవుతుంది, ప్రార్థన అయిపోయాక చేరుకుంటాను. సార్ ఏమీ అనరు.

ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు. అంతా బాగానే ఉంది. నువ్వు వేళకు తిను.

నవనీత


కరీంనగర్
ఆగస్టు 18

వదినా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నవీన బడి తొమ్మిదికి ముందే మొదలవుతుందని అదే ఫోన్‌లో చెప్పింది. నీకు ఆలస్యం కావడానికి అది కారణం కాదు. తప్పు పట్టడం లేదు. అన్న ప్రార్థన వరుసలోనే పడిపోయాడు. ఆ వరుస దగ్గరికి పోవడానికి నీ కాళ్లు రావడం లేదు. ఎవరికైనా రావు.

కానీ తప్పించుకున్నకొద్దీ భయం పెద్దదవుతుందని మా చదువు చెప్తుంది. కొద్దికొద్దిగా దగ్గరికి పోవాలి. మొదట ఆఫీసు కిటికీలోంచి చూడు. అలవాటయ్యాక వరండాలోకి రా. తర్వాత ఎప్పుడో ఒక రోజు వరుసలో నిలబడు. కష్టమైతే ఆగిపో. ఎట్లా అనిపించిందో రాయి.

అన్న సంవత్సరీకానికి ఈసారి కూడా రాలేకపోయాను. ఆ వారమే జగిత్యాల బడుల్లో సర్వే ఉంది. అవ్వ కోపం చేసింది. నువ్వు ఏమీ అనలేదు, అది ఇంకా కష్టంగా ఉంది.

సృజన


చెన్నూరు
సెప్టెంబర్ 30

సృజనా,

నువ్వు చెప్పినట్టే చేశాను.

కిటికీ దగ్గర చాలా రోజులు నిలబడ్డాను. అక్కడి నుంచి జెండా గద్దె, పిల్లల వెనకతలలు కనిపిస్తాయి. మొదటి రోజు పాట మొదలు కాగానే కుర్చీలో కూర్చుండిపోయాను. వరండాలోకి రావడానికి ఇంకొన్ని రోజులు పట్టింది. అటెండర్ మొండయ్య నా పక్కన వచ్చి ఊరికే నిలబడేవాడు, ఏమీ అడగకుండా.

పోయిన వారం ఏం జరిగిందో రాస్తాను. పదో తరగతి పిల్ల ఒకతి బోనఫైడ్ కోసం ఆఫీసుకు వచ్చింది. పేరు రాయను. సర్టిఫికెట్ తీసుకున్నాక కూడా పోలేదు. తలుపు పట్టుకుని నిలబడింది.

"ఏంది బిడ్డా?" అన్నాను.

"మేం నవ్వినం మేడం" అంది.

నాకు అర్థం కాలేదు.

"సార్ పడ్డప్పుడు. మేం ఎనిమిదో తరగతిల ఉంటిమి. సార్ మస్కిరి చేస్తుండనుకున్నం. క్లాసుల గట్లనే చేస్తుండె గదా, బరువు కింద ఎట్ల పడ్తదో చూపిస్త అనుకుంట పడేటోడు. గందుకే నవ్వినం. అందరికంటె ఫస్టు నేనే నవ్విన."

ఆ పిల్ల రెండేళ్లుగా ఇది మోస్తోంది, సృజనా. ఎవరికీ చెప్పలేదట. రోజూ అదే వరుసలో, అదే చోట నిలబడుతోందట. నేను లేచి దాన్ని దగ్గరికి తీసుకున్నాను. "సార్‌కు మీరు నవ్వుడంటెనే ఇష్టం బిడ్డా. గా నవ్వే ఇనుకుంట పోయిండు" అన్నాను. అది నిజమో అబద్ధమో నాకు తెలియదు. అప్పుడు అనాల్సిన మాట అదే అనిపించింది.

మరుసటి రోజు పొద్దున నేను పోయి ఆ పిల్ల పక్కన నిలబడ్డాను. అది నా చేయి పట్టుకుంది. ప్రార్థన అయ్యేదాకా ఇద్దరం వదల్లేదు. చేతులు చెమటతో తడిసిపోయాయి.

అంతే. తర్వాత ఆఫీసుకు వచ్చి పని చేసుకున్నాను.

నవనీత


కరీంనగర్
నవంబర్ 14

వదినా, వదినా,

నీకు ఎట్లా చెప్పాలో తెలియడం లేదు. హైదరాబాదులో జరిగిన సదస్సులో నా పత్రం చదివాను. మధ్యలో నీ సంగతి చెప్పాను, పేరు లేకుండా, "ఒక ఉద్యోగిని" అని. కిటికీ, వరండా, ఆ పిల్ల చేయి, అన్నీ. నేను ముగించేసరికి హాలంతా చప్పట్లు. ఢిల్లీ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ లేచి, పనిచోట దుఃఖం ఎదుగుదలగా మారడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ తాను వినలేదన్నారు. మమతారాణి మేడం కళ్లు తుడుచుకున్నారు.

ఒక విలేకరి వచ్చి అడిగాడు. ఊరి పేరు ఒక్కటే చెప్పాను. మీ జిల్లా పేజీలో వేశారట, చూశావా?

రెండేళ్ల తర్వాత మొదటిసారి అన్న గురించి మాట్లాడుతూ నా గొంతు వణకలేదు. ఇది నీ వల్లే.

నీ సృజన


చెన్నూరు
డిసెంబర్ 6

సృజనా,

పేపరు చూశాను. ఊరంతా చూసింది. చెన్నూరులో బడి గుమాస్తాగా చేరిన టీచరు భార్యలు ఎంతమంది ఉంటారు? పేరు వేయకపోయినా వేసినట్టే. సార్ ఆ ముక్క కత్తిరించి నోటీసు బోర్డులో అంటించారు.

ఇన్ని రోజులుగా నేను రాయని సంగతులున్నాయి. ఇప్పుడు రాస్తాను.

పేపరులో వచ్చినప్పటి నుంచి మనుషులు నన్ను చూడటానికి వస్తున్నారు. పక్క మండలం టీచర్లు వచ్చి "ఇంత ధైర్యం ఎట్ల వచ్చింది మేడం?" అని అడుగుతారు. పరీక్షల భయం ఎట్లా దాటాలో పిల్లలకు నా చేత చెప్పించారు. మైకు ముందు నిలబడి ఏదో చెప్పాను. పోయిన శనివారం సన్మానం. "నవనీతమ్మా, జర ఫోటో పక్కకు నిలబడుండ్రి" అన్నారు సార్. మీ అన్న ఫోటో అది, సర్వీసు పుస్తకంలోది తీసి పెద్దది చేయించారు. సైన్సు గదికి ఆయన పేరు పెట్టారు. మంచి మనసుతోనే చేశారు. ఎవరిదీ తప్పు లేదు.

ఆ గదికి సున్నం వేయించేటప్పుడు పాత సీసాలన్నీ పారేశారు. మైలుతుత్తం, పటిక, సున్నపు తేట అని మీ అన్న చేతిరాతతో చీటీలు అంటించిన సీసాలు. నేను వారానికి ఒకసారి, పిల్లలు లేని గంటలో, ఆ గదిలోకి పోయి వాటిని చూసి వచ్చేదాన్ని. అది నీకు రాయలేదు. ఇప్పుడు కొత్త సీసాలకు అచ్చువేసిన చీటీలు ఉన్నాయి. నేను అడిగితే మొండయ్య చెత్తకుండీ అంతా వెతికాడు పాపం. మున్సిపాలిటీ బండి అప్పటికే పోయింది.

ఆ రోజు నాకు ఏడుపు వచ్చింది. వరండాలో ఇద్దరు టీచర్లు నన్ను చూస్తున్నారు. ఏడవలేకపోయాను. పేపరులో వేసిన మనిషి ఏడిస్తే ఎట్లా? బాత్రూంలోకి పోయి నల్లా విప్పుకుని నిలబడ్డాను.

సృజనా, నేను వరుసలో నిలబడింది ఆ పిల్ల కోసం. నేను ఎదిగానని కాదు. దానికి ఒక చేయి కావాల్సి వచ్చింది, నా చేయి అక్కడ ఉంది. నాకు అంతకంటే ఏమీ తెలియదు.

ఇంకో సంగతి. కాగజ్‌నగర్‌లో అంబదాస్ అనే అతను ఇదే ఉద్యోగం చేస్తున్నాడు. వాళ్ల తల్లి చెన్నూరులో మంచం పట్టింది. అతనికి ఇక్కడికి రావాలని ఉంది. ఇద్దరం పరస్పర బదిలీకి దరఖాస్తు పెట్టుకున్నాం. దీపావళికి ముందే పెట్టాం. నీకు చెప్పలేదు, అవ్వకూ చెప్పలేదు.

నా ఉత్తరాలు నీ పరిశోధనలోంచి తీసేయి. దయచేసి.

నవనీత


కరీంనగర్
డిసెంబర్ 15

నవనీత గారికి,

మీ ఉత్తరం అందింది.

ఉత్తరాలు ఎప్పుడైనా వెనక్కి తీసుకునే హక్కు మీకుంది. పరిశోధన నియమాల కాగితంలో నేనే రాసిచ్చాను. కానీ నా పనంతా ఇప్పుడు వాటి మీదే నిలబడి ఉందని మీకు తెలిసే ఉండాలి.

దాని సంగతి వదిలేయండి. అన్న ఆఖరి ఊపిరి పోయిన నేల అది. ఆయన పేరు గోడ మీద రాశారు, పిల్లలు రోజూ చదువుతారు. ఆ బడిని చూసుకుంటారనే కదా అవ్వ ఆ ఉద్యోగం మీరే చేయాలని పట్టుబట్టింది. ఇప్పుడు ఎవరో అంబదాస్ చేతిలో పెట్టి పోతున్నారు. అవ్వకు నేనే చెప్పాను. రాత్రి అన్నం ముట్టలేదు. "నా కొడుకు ఒక్కడే అయితడు గా ఊర్ల" అంది.

ఆ మాటకు ఏం జవాబు చెప్పాలో మీరే రాయండి.

సృజన


చెన్నూరు
జనవరి 5

సృజనా,

నువ్వు నన్ను "మీరు" అని రాశావు. పెళ్లయి వచ్చిన రోజు నుంచి నీ నోట "నువ్వు" తప్ప వినలేదు. చాలాసేపు ఆ ఒక్క మాటనే చూస్తూ కూర్చున్నాను.

అవ్వతో నేనే మాట్లాడాను. మెట్‌పల్లి పోయి రెండు రోజులు ఉండి వచ్చాను. ఆమె నన్ను తిట్టలేదు. పసుపు చేనుకు తీసుకుపోయింది. గట్టు మీద కూర్చుని, "నేను ఒక్కసారి సుత గా బడి మొకం చూడలే బిడ్డా, నువ్వు దినాం ఎట్ల చూస్తున్నవో" అంది. ఇద్దరం ఏడ్చాం. నాకు అక్కడ ఎవరూ చూసేవాళ్లు లేరు కాబట్టి బాగా ఏడ్చాను.

నిన్ను ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. దవాఖానకు వచ్చావు. ఇంటికి వచ్చావు. దినాల వరకు ఉన్నావు. ఆ బడికి మాత్రం ఈ రోజు వరకు రాలేదు. జగిత్యాల, పెద్దపల్లి, మంచిర్యాల బడులన్నీ తిరిగావు. చెన్నూరు బడి నీ సర్వేలోనే లేదు. దాని గురించి నీకు తెలిసిందంతా నా ఉత్తరాల్లోదే.

ఒక్కసారి వచ్చి ప్రార్థనలో నిలబడు. ఆ తర్వాత నువ్వు ఉండమంటే ఉంటాను. దరఖాస్తు వెనక్కి తీసుకుంటాను, మాటిస్తున్నాను. ఈ నెలాఖరుకు నన్ను రిలీవ్ చేస్తారు. అంతవరకు ఇక్కడే ఉంటాను.

నవనీత


కరీంనగర్
ఫిబ్రవరి 12

వదినా,

ఎదురుచూశావని తెలుసు. నేను రాలేదు. జనవరిలో రెండుసార్లు చెన్నూరు బస్సు ఎక్కాను. రెండుసార్లూ మంచిర్యాలలో దిగి తిరిగి వచ్చాను.

నువ్వు వెళ్లిపోయావని తెలిశాకే పోయాను. నీ ముందు నిలబడే ధైర్యం లేక.

పొద్దున్నే చేరాను. పర్శరాములు సార్ నన్ను గుర్తుపట్టారు. "రాంచందర్ సార్ చెల్లె గదా, అదే ముక్కు" అన్నారు. టీచర్ల పక్కన నిలబెట్టారు. పిల్లలు పాట మొదలుపెట్టారు. నేను నేల వైపు చూస్తున్నాను, అన్న పడింది ఎక్కడా అని. ఏ గుర్తూ లేదు. ఆరో తరగతి పిల్లలు నిలబడి ఉన్నారు అక్కడంతా. ఒకడు కాలితో మట్టి గీస్తున్నాడు. ప్రతిజ్ఞ కోసం అందరూ చేతులు చాచారు. నేనూ చాచాను. ఆ తర్వాత నాకేమీ వినపడలేదు.

గేటు బయటికి ఎట్లా వచ్చానో తెలియదు. రోడ్డు పక్కన కూర్చుని ఉన్నాను. ఒకతను గ్లాసులో నీళ్లు తెచ్చాడు. అంబదాస్. "తాగు అక్కా" అన్నాడు. గ్లాసు తీసుకుంటూ, "నాకు సుత గా కుర్చీల కూసోవాలంటె మనసొప్పుతలేదు. గా మేడం పోయేటప్పుడు టేబులంత తుడిచి, నా కొరకు కొత్త పెన్ను పెట్టి పోయింది" అన్నాడు. మంచివాడు. వాళ్లమ్మకు ఒళ్లు బాగాలేదట, మధ్యాహ్నం ఇంటికి పోయి తినిపించి వస్తాడట.

రెండేళ్లు నేను ఎంతోమందిని అడిగాను, మీకు ఎట్లా ఉంది, ఎట్లా ఉంది అని. నన్ను ఎవరైనా అడిగితే సర్వే ఉందనేదాన్ని. నిన్ను కిటికీ దగ్గరికి పంపాను, వరండాలోకి పంపాను, వరుసలోకి పంపాను. నేను అన్నాళ్లూ గేటు కూడా దాటలేదు. నేను పోవాల్సిన చోటికి నిన్ను పంపి, నువ్వు పోయి వచ్చావని చప్పట్లు కొట్టించుకున్నాను.

నీ ఉత్తరాలు ఈ కవరులోనే పెట్టాను. ఒక్క నకలు కూడా ఉంచుకోలేదు. మేడంకు చెప్పాను. ఆమె నా ఫైలు మూసి పక్కన పెట్టారు. తర్వాత, "ఆ అధ్యాయం మళ్లీ రాద్దువు. ముందు కొన్నాళ్లు మీ అవ్వ దగ్గరికి పో" అన్నారు. రేపు మెట్‌పల్లి పోతున్నాను.

నువ్వు ఉండకపోవడమే మంచిదైంది వదినా. ఆ బడిలో ఒక్క రోజు కూడా ఉండమని నేను ఎవరికీ చెప్పలేను.

నీ సృజన


కాగజ్‌నగర్
మార్చి 7

సృజనా,

నీ ఉత్తరానికి జవాబు మెట్‌పల్లి అడ్రసుకు రాస్తున్నాను. అవ్వ దగ్గరే ఉన్నావని నవీన చెప్పింది. మంచి పని చేశావు. ఆమె మోకాళ్లకు నూనె రాయి, వద్దంటుంది, వినకు.

నువ్వు మంచిర్యాలలో దిగిపోయిన సంగతి చదివి నాకు కోపం రాలేదు. నేను అన్ని నెలలు రోజూ గేటు బయట బండి ఆపుకుని ప్రార్థన అయ్యేదాకా కూర్చున్నదాన్నే కదా.

ఇక్కడ రెండు గదుల ఇల్లు దొరికింది. పొద్దున గాలి అటు తిరిగితే కాగితం మిల్లు వాసన వస్తుంది. నవీన ముక్కు మూసుకుని నవ్వుతుంది. దాని బడి, నా బడి ఒకే ఆవరణలో ఉన్నాయి. నాలుగింటికి అది నా ఆఫీసుకు వచ్చి బెంచీ మీద కూర్చుంటుంది.

ఇక్కడ నేనెవరో ఎవరికీ తెలియదు. మొదటి రోజే ప్రార్థనలో నిలబడ్డాను, అందరితోపాటు. నేను లోపలికి వస్తే ఎవరూ నవ్వు ఆపరు. జీతం బిల్లులో తప్పు చేస్తే హెడ్మాస్టర్ గట్టిగానే అరిచారు. అది కూడా నాకు హాయిగానే అనిపించింది.

శుక్రవారం అటెండరు సక్కుబాయి చాయ్ తెచ్చి, నా ఎదురుగా కూర్చుంది. నా నుదుట నవీన అంటించిన బొట్టుబిళ్ల ఉంది. ఆమె అట్లా అడగడంలో తప్పేమీ లేదు.

"మీ సారు ఏం చేస్తరు మేడం?"

"టీచర్" అన్నాను. "చెన్నూరుల సైన్స్ చెప్తరు."

"ఐతారం ఐతారం వస్తరా?"

"వస్తరు."

"వస్తే చెప్పుండ్రి, మా పోరనికి లెక్కలు, సైన్సు అస్సలు వస్తలేవు. జర చెప్పించుకుంట."

"సరే" అన్నాను.

గొంతు ఏ మాత్రం తడబడలేదు సృజనా. ఆమె పోయాక చాయ్ తాగాను. ఆయన నిజంగానే అక్కడ, ఆ గదిలో, సీసాల ముందు నిలబడి ఉన్నాడనిపించింది. ఆదివారం వస్తాడనిపించింది. రెండేళ్లలో నేను అంత రుచిగా చాయ్ తాగలేదు. తల తిప్పితే బెంచీ మీద నవీన కూర్చుని ఉంది. ఎప్పుడు వచ్చిందో చూడలేదు. అంతా విన్నది.

బండి మీద ఇంటికి పోతుంటే రైలు గేటు పడింది. బండి ఆపాను. వెనక నుంచి నా నడుము పట్టుకుని, "అమ్మా, బాపు లేడు గదా?" అంది.

"లేడు బిడ్డా."

"మల్ల ఉన్నడని ఎందుకన్నవు?"

"ఏమో బిడ్డా. గట్ల అనబుద్ధైంది" అన్నాను.

రైలు పోయింది. గేటు ఎత్తారు. వెనక ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. నేను బండి స్టార్ట్ చేయలేదు, ఎందుకంటే అది నా వీపుకు మొహం ఆనించి అంది:

"నేను సుత మా టీచర్‌కు గట్లనే చెప్పిన."

బండి పక్కకు తీసి ఇద్దరం చాలాసేపు అక్కడే నిలబడ్డాం. సోమవారం పోయి నిజం చెప్పేద్దామని అనుకున్నాం. సోమవారం నేను చెప్పలేదు. అది కూడా చెప్పలేదు. ఇవాళ గురువారం.

వచ్చే వారం శనివారం బస్సుకు రా సృజనా. ఆ మర్నాడు ఆదివారం ఆయన వస్తాడని సక్కుబాయి కొడుకును తీసుకుని ఇంటికి వస్తానంది. తలుపు తీయడానికి నాకు ఇంకొక మనిషి కావాలి.

నీ వదిన